పన్ను పీకించుకున్నాక పెదవికి స్పర్శ పోయింది, నష్టపరిహారం వస్తుందా?

ప్రశ్న: మాది పరకాల. ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బట్టలు కుడతాను. సంక్రాంతి తర్వాత కుడివైపు కింది జ్ఞానదంతం నొప్పి పెడితే హన్మకొండలో ఒక డెంటల్ క్లినిక్‌కు పోయాను. నోట్లో చిన్న ఫిల్మ్ పెట్టి ఎక్స్‌రే తీశారు. ఆదివారం బయటి నుంచి వచ్చే డాక్టర్ పన్ను తీశారు. ఏడు వేలు కట్టాను. ఆ రోజు నుంచి కుడివైపు కింది పెదవి, గదవ మొద్దుబారిపోయాయి. ఐదు నెలలైంది. చాయ్ కారినా తెలియదు, అన్నం మెతుకు అంటుకున్నా తెలియదు. గుండుసూదులు పెదవుల మధ్య పెట్టుకుని కుట్టే అలవాటు నాది. ఒకసారి సూది గుచ్చుకుని రక్తం వచ్చాక గానీ తెలియలేదు. ఎన్నిసార్లు పోయినా ‘నరం కదా, మెల్లగా వస్తుంది’ అని బీ కాంప్లెక్స్ గోలీలు రాశారు. గట్టిగా అడిగితే ‘ఆ డాక్టర్ మా మనిషి కాదు’ అన్నారు. ఇప్పుడు ఏడు వేలు వాపసు ఇస్తాం, కాగితం మీద సంతకం పెట్టు అంటున్నారు. మా మరిది పోలీసు కేసు పెడదామంటాడు. డాక్టర్లతో మనకెందుకు, ఊరుకో అంటుంది మా అత్తమ్మ. ఏం చేయమంటారు?
- ఒక సోదరి, పరకాల

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో ‘ఐదు నెలలు’ అన్న మాట చూసి నాకు కంగారు పుట్టింది. కేసు సంగతి తర్వాత చూద్దాం. దానికి ఇంకా టైముంది. నరానికి అంత టైం లేదు.

కింది దవడ ఎముక లోపల ఒక సన్నని కాలువలో నరం నడుస్తుంది. కింది పళ్లకు, కింది పెదవికి, గదవకు స్పర్శ ఇచ్చేది అదే. కింది జ్ఞానదంతం వేర్లు కొందరిలో ఆ కాలువను ఆనుకునే ఉంటాయి. పన్ను తీసేటప్పుడు నరం నలిగినా, సాగినా, తెగినా ఆ వైపు పెదవి మొద్దుబారుతుంది. నలిగిన నరం చాలామందిలో కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో కోలుకుంటుంది. మీ డాక్టర్ ‘మెల్లగా వస్తుంది’ అన్నది పూర్తిగా అబద్ధం కాదు. కానీ నెలలు గడుస్తున్నా మార్పు లేకపోతే ఆశ తగ్గుతూ పోతుంది. నరాన్ని సరిచేసే ఆపరేషన్ అవసరమయ్యే వాళ్లకు అది మొదటి కొన్ని నెలల్లో చేస్తేనే ఫలితం బాగుంటుంది. అందుకే ఈ వారంలోనే ఓరల్ అండ్ మాక్సిల్లోఫేషియల్ సర్జరీలో, అంటే నోరు, దవడ, ముఖం ఆపరేషన్లలో, ఎండీఎస్ (దంత వైద్యంలో పీజీ) చేసిన సర్జన్‌కు చూపించుకోండి. ఆ క్లినిక్‌తో సంబంధం లేని వారైతే మంచిది. వరంగల్ ఎంజీఎంలో దంత విభాగం ఉంది, అక్కడ మొదలుపెట్టవచ్చు. అవసరమైతే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రికి రాయించుకోండి.

అక్కడ ఏం చేస్తారో చెబుతాను, భయపడకండి. కళ్లు మూయించి దూదితో తాకుతారు, సూది మొనతో మెల్లగా గుచ్చుతారు, వేడి, చల్లదనం తెలుస్తున్నాయా అని చూస్తారు. పక్కపక్కన రెండు చోట్ల తాకితే రెండుగా తెలుస్తున్నదా, ఒకటిగానా అని అడుగుతారు. ఎక్కడివరకు స్పర్శ లేదో ముఖం బొమ్మ మీద గీసి రాస్తారు. ఓపీజీ అనే పెద్ద ఎక్స్‌రే గానీ, సీబీసీటీ అనే స్కాన్ గానీ తీయమంటారు. తేదీ, సంతకం, రిజిస్ట్రేషన్ నంబరుతో ఆ రిపోర్టు రాసివ్వమని అడగండి. ఈ నరం స్పర్శకు సంబంధించినది, కదలికకు కాదు. కాబట్టి మీ పెదవి వంకర పోదు, చూసేవాళ్లకు మీకేమీ కానట్టే ఉంటుంది. రేపు వినియోగదారుల కమిషన్ ముందు కూర్చున్నప్పుడు ఎదుటివారి వకీలు అనే మొదటి మాట కూడా అదే. అప్పుడు మీ తరఫున మాట్లాడేది ఆ రిపోర్టే.

ఇక ఆ సంతకం. పెట్టకండి. ఏడు వేలు మీరు పన్ను తీసినందుకు ఇచ్చిన ఫీజు. అది తిరిగి ఇవ్వడం నష్టపరిహారం కాదు. ఆ కాగితంలో ‘నాకు ఎలాంటి అభ్యంతరం లేదు, ఇకపై ఎక్కడా ఫిర్యాదు చేయను’ అన్న వాక్యం దాదాపు తప్పకుండా ఉంటుంది. దాని మీద సంతకం పడితే తర్వాత ఆపరేషన్‌కు లక్ష అయినా మీరే పెట్టుకోవాలి, లేదా ఆ కాగితాన్ని కొట్టేయించడానికే మరో పోరాటం చేయాలి. ఫోన్‌పేలో డబ్బులు వేసేస్తాం అంటే కూడా ‘సెటిల్‌మెంట్ కింద నేను తీసుకోవడం లేదు’ అని వాట్సాప్‌లో ఒక్క ముక్క రాసి పెట్టండి. రాజీ పడటం తప్పు అనడం లేదు. మీ నరం పరిస్థితి ఏమిటో, ముందు ముందు ఎంత ఖర్చవుతుందో తెలియకముందే రాజీ పడటం మీకు నష్టం.

సంతకం మాట పక్కన పెట్టి, మీరే వాళ్లకు ఒక కాగితం పంపండి. ఇంగ్లిష్ అక్కర్లేదు. ‘ఫలానా తేదీన మీ క్లినిక్‌లో నా కుడివైపు కింది జ్ఞానదంతం తీశారు. అప్పటి నుంచి పెదవికి, గదవకు స్పర్శ లేదు. నా కేసు షీటు, ఎక్స్‌రే, నేను సంతకం చేసిన అంగీకార పత్రం, బిల్లు, పన్ను తీసిన డాక్టర్ పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఇవ్వగలరు’ అని రాసి, అక్నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్టులో పంపండి. తిట్లు, బెదిరింపులు ఒక్కటీ వద్దు. రోగి తన రికార్డు అడిగితే నకలు ఇవ్వడం వాళ్ల బాధ్యత. ఇచ్చారా, మంచిది. ఇవ్వకపోతే, అడిగినా ఇవ్వలేదన్నది కూడా మీ వైపు సాక్ష్యమే. కమిషన్ వాటిని తెప్పించమని ఆదేశించగలదు, దాచిపెట్టిన వారి మీద అనుమానం పడుతుంది. ఈలోపు మీ దగ్గరున్నవి పోగొట్టుకోకండి: మందుల చీటీలు, డబ్బు కట్టిన ఫోన్ మెసేజ్, క్లినిక్‌తో నడిచిన వాట్సాప్ మాటలు. పాత ఫోన్ మార్చే పనుంటే ముందు అవన్నీ ప్రింట్ తీయించండి. మీరు ఆర్డర్లు రాసుకునే పుస్తకం కూడా జాగ్రత్త. పని తగ్గిందని నోటితో చెబితే ఎవరూ నమ్మరు. సంక్రాంతికి ముందు నెలకు ఎన్ని జాకెట్లు కుట్టారో, తర్వాత ఎన్ని కుట్టారో ఆ పుస్తకం చెబుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇది నిర్లక్ష్యమేనా?

మీకు దెబ్బ తగిలింది కాబట్టి పరిహారం వస్తుందని చెప్పి మిమ్మల్ని పంపించడం నాకు ఇష్టం లేదు. ఎంత జాగ్రత్తగా తీసినా కొందరికి ఈ నరం దెబ్బతింటుంది. వైద్యం వికటించిన ప్రతిసారీ డాక్టర్ తప్పు చేసినట్టు కాదని, అదే చదువు, అదే అనుభవం ఉన్న మరో డాక్టర్ మామూలుగా తీసుకునే జాగ్రత్త తీసుకున్నారా లేదా అన్నదే కొలత అని సుప్రీంకోర్టు 2005లో జేకబ్ మాథ్యూ కేసులో స్పష్టంగా చెప్పింది. కాబట్టి మీ పెదవి మొద్దుబారడం మీ నష్టానికి సాక్ష్యం. వాళ్ల నిర్లక్ష్యానికి సాక్ష్యం వేరే చూపాలి. మీ ఉత్తరంలోనే అందుకు కొన్ని దారులు కనిపిస్తున్నాయి.

మొదటిది ఎక్స్‌రే. నోట్లో పెట్టే చిన్న ఫిల్మ్‌లో చాలాసార్లు వేరు కొన, నరం కాలువ పూర్తిగా పడవు. ఓపీజీలో దవడంతా కనబడుతుంది. వేరు దగ్గర కాలువ తెల్లని గీత తెగినట్టున్నా, వేరు నల్లబడినట్టున్నా, కాలువ వంగినట్టున్నా నరం దగ్గరగా ఉందని అర్థం. అలా కనబడితే స్కాన్ తీయించడం, అవసరమైతే పన్ను పైభాగం మాత్రం కోసి తీసేసి వేర్లను అలాగే వదిలేసే పద్ధతి గురించి ఆలోచించడం సర్జన్లు చేసే పనే. మీకు ఇవేవీ చేయలేదు, చెప్పలేదు. ఆ చిన్న ఫిల్మ్‌లో కాలువ కనిపిస్తోందా లేదా అన్నది మీ కేసులో చాలా పెద్ద విషయం. అందుకే ఆ ఎక్స్‌రే చేతికి రావాలి.

రెండోది ముందుగా చెప్పడం. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు, చికిత్స ఏమిటి, దానివల్ల లాభం ఏమిటి, వేరే దారులున్నాయా, ముఖ్యమైన ప్రమాదాలేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది అన్నవి రోగికి చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలన్నది. అదే తీర్పులో అరుదైన, ఊహకు మాత్రమే అందే ప్రమాదాలన్నీ చెప్పి భయపెట్టక్కర్లేదని కూడా ఉంది. ఎదుటివారు ఆ రెండో ముక్కనే పట్టుకుంటారు, ముందే తెలుసుకోండి. కానీ కింది జ్ఞానదంతం తీసేటప్పుడు పెదవి మొద్దుబారవచ్చన్నది ఎక్కడా లేని వింత కాదు. దంత వైద్యం చదివిన ప్రతి ఒక్కరికీ తెలిసిన మాట, చాలా ఆసుపత్రుల అంగీకార పత్రాల్లో అచ్చయి ఉండే మాట. మీ పత్రంలో ఆ మాట ఉందా, ఏ భాషలో ఉంది, మీకు ఎవరైనా చదివి చెప్పారా అన్నది చూడాలి. కుర్చీలో పడుకోబెట్టి ఇంగ్లిష్ కాగితం మీద సంతకం తీసుకోవడాన్ని నేను ఒప్పుకోలు అనలేను. కానీ సంతకం ఉంటే అది వాళ్లకు కొంత బలమే.

మూడోదాన్ని నేను అన్నిటికన్నా గట్టిగా నమ్ముతున్నాను. పన్ను తీసిన తర్వాత ఐదు నెలలు. మొదటి వారంలోనే స్పర్శ లేదని మీరు చెప్పారు. ఒక్కసారి కూడా పరీక్ష చేసి రాయలేదు, పెద్ద ఆసుపత్రికి పంపలేదు, గోలీలతో సరిపెట్టారు. పన్ను తీసేటప్పుడు తప్పు జరగలేదని వాళ్లు నిరూపించుకున్నా, నరం కోలుకునే కాలాన్ని ఇలా పోగొట్టడానికి జవాబు చెప్పాలి. మీరు క్లినిక్‌కు పోయిన తేదీలన్నీ గుర్తు చేసుకుని ఇవాళే రాసి పెట్టండి.

తప్పు పన్ను పీకేస్తే నిపుణుడు వచ్చి చెప్పక్కర్లేదు, ఎవరికైనా తెలుస్తుంది. హైదరాబాద్ నుంచి వెళ్లిన వి. కిషన్‌రావు కేసులో, మలేరియా జ్వరానికి టైఫాయిడ్ వైద్యం చేసిన సంగతిలో, ప్రతి కేసుకూ నిపుణుల అభిప్రాయం అక్కర్లేదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ మీది అలాంటి తేటతెల్లమైన సంగతి కాదు. నరం, వేరు, ఎక్స్‌రే అన్నీ చూసి చెప్పగల సర్జన్ మాట మీకు కావాలి. స్థానికంగా ఒక డాక్టర్ మరో డాక్టర్‌కు వ్యతిరేకంగా రాయడానికి వెనకాడతారు, అది నిజం. అందుకే ‘ఆయన తప్పు చేశారని రాయండి’ అని అడగకండి. ‘నా పరిస్థితి ఏమిటో, ఎప్పటి నుంచో, ఇంకా ఏ చికిత్స కావాలో రాయండి’ అని అడగండి. తప్పొప్పుల మీద అభిప్రాయం కోసం ప్రభుత్వ డెంటల్ కాలేజీ నిపుణులకు పంపమని కమిషన్‌నే తర్వాత కోరవచ్చు.

‘ఆ డాక్టర్ మా మనిషి కాదు’ అన్న మాటకు మీరు బెదరకండి. మీరు పోయింది ఆ క్లినిక్‌కు, డబ్బు కట్టింది ఆ కౌంటర్‌లో, డాక్టర్‌ను పిలిపించింది వాళ్లు. బయటి నుంచి వచ్చే డాక్టర్ చేసిన పనికి కూడా ఆసుపత్రి జవాబుదారీ అని 2004లో సవితా గర్గ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మన దగ్గర చాలా క్లినిక్‌లు ఆదివారాల సర్జన్ల మీదే నడుస్తున్నాయి కాబట్టి ఈ సంగతి అందరూ గుర్తుంచుకోవాలి. ఫిర్యాదులో క్లినిక్‌ను, ఆ డాక్టర్‌ను ఇద్దరినీ చేర్చండి. వృత్తి బీమా ఉన్న డాక్టర్లు చాలామంది ఉంటారు. బీమా ఉందని తెలిస్తే ఆ కంపెనీని కూడా చేర్చాలి, చివరికి చెక్కు రాసేది వాళ్లే కావచ్చు.

ఎక్కడికి పోవాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు. మనం ఇప్పటికీ కన్స్యూమర్ ఫోరం అంటున్నది దాన్నే. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది, 2019 చట్టం వచ్చాక కూడా అది మారలేదు. అందరికీ ఉచితంగా చేసే సర్కారు దవాఖానలో జరిగితే మాత్రం ఈ దారి ఉండదు, సివిల్ కోర్టుకో హైకోర్టుకో పోవాలి. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. క్లినిక్ ఎక్కడున్నా, మీరు ఉండే చోటికి సంబంధించిన కమిషన్‌లోనే వేయవచ్చు. వైద్యానికి మీరు కట్టింది ఐదు లక్షల లోపు కాబట్టి కోర్టు ఫీజు ఏమీ ఉండదు. పరిహారం ఎంత అడిగినా సరే, ఫీజు లెక్క కట్టేది మీరు చెల్లించిన డబ్బును బట్టే. వినియోగదారుల ఫిర్యాదుల కోసం ఉన్న ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయవచ్చు. వకీలు తప్పనిసరి కాదు. కానీ వైద్యం కేసులో వకీలు లేకుండా నెగ్గుకురావడం కష్టం. మీరు మహిళ కాబట్టి ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100 నంబరుకు ఫోన్ చేసి అడగండి.

ముందు వకీలుతో ఒక నోటీసు ఇప్పించండి. చాలా కేసులు ఆ నోటీసు దగ్గరే మాటల్లోకి వస్తాయి. రాకపోతే ఫిర్యాదు వేస్తారు. ఎదుటివారు 30 రోజుల్లో, మహా అయితే మరో 15 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఆ 45 రోజులు దాటితే ఇక గడువు పెంచే వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఇరువర్గాలూ ఒప్పుకుంటే కమిషన్ మధ్యవర్తిత్వానికి కూడా పంపుతుంది. రాజీ పడాలనుకుంటే అక్కడ పడండి, అక్కడ రాసుకున్నదానికి విలువ ఉంటుంది. మూడు నుంచి ఐదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది గానీ వైద్యం కేసులు అంతలో తేలవు. ఓపిక కావాలి. మీరు గెలిచాక వాళ్లు హైదరాబాద్‌లోని రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు పోవాలంటే 45 రోజుల్లో పోవాలి, తీర్పు సొమ్ములో సగం ముందు కట్టాలి.

ఎంత వస్తుందని ఎవరైనా ఇప్పుడే అంకె చెబితే నమ్మకండి. డాక్టర్ కునాల్ సాహా కేసులో 2013లో సుప్రీంకోర్టు ఆరు కోట్ల పైన ఇప్పించింది, ఆ పేరు చెప్పి ఆశపెట్టేవాళ్లు ఉంటారు. అది ఒక నిండు ప్రాణం పోయిన కేసు, లెక్కే వేరు. మీరు అడగదగినవి: కట్టిన ఫీజు, ఇప్పటిదాకా అయిన మందులు, స్కాన్లు, హైదరాబాద్ ప్రయాణాలు, ముందు చేయించుకోవాల్సిన చికిత్స, తగ్గిన కుట్టు పని, పడుతున్న బాధ, కేసు ఖర్చులు. మొదటివాటికి బిల్లులు ఉండాలి. బాధకు బిల్లు ఉండదు, దాన్ని మీ మాటల్లో చెప్పాలి. ‘మానసిక క్షోభ’ అని రాసి వదిలేయకండి. సూది గుచ్చుకుని రక్తం వచ్చినా తెలియలేదని నాకు రాశారే, అది రాయండి. నలుగురిలో కూర్చుని చాయ్ తాగాలంటే కొంగుతో మూతి తుడుచుకుంటూ ఉండాల్సి వస్తున్నదా, అదీ రాయండి.

మీ మరిది చెప్పిన పోలీసు దారి ఈ కేసుకు పనికిరాదు. డాక్టర్ మీద క్రిమినల్ కేసు నడవాలంటే మామూలు నిర్లక్ష్యం చాలదు, చాలా తీవ్రమైనది కావాలి, అందుకు మరో వైద్యుడి అభిప్రాయం కూడా ముందు ఉండాలి. స్టేషన్‌లో నెలలు పోతాయి, మీ చేతికి రూపాయి రాదు. పైగా క్లినిక్ ముందు పదిమందితో గొడవకు దిగితే కేసు మీ మీదికే తిరుగుతుంది. ఆ పిల్లాడి కోపం నాకు అర్థమవుతుంది, దాన్ని కాగితాలు సంపాదించే పనికి పెట్టమనండి. రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. వాళ్లు డాక్టర్ మీద చర్య తీసుకోగలరు, పరిహారం మాత్రం ఇప్పించలేరు. ఒక్క సంగతి వెంటనే చూడండి: పన్ను తీసిన మనిషి అసలు బీడీఎస్ (దంత వైద్య డిగ్రీ) గానీ ఎండీఎస్ గానీ చదివి, రిజిస్టర్ అయినవారేనా? కాకపోతే కథ మొత్తం మారుతుంది. తనకు అర్హత లేని వైద్యం చేయడమే నిర్లక్ష్యమని 1996లో పూనమ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు అన్నది. అప్పుడు జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి (డీఎంహెచ్‌ఓ), పోలీసులకు కూడా చెప్పాల్సిందే.

ఇక మీ అత్తమ్మ మాట. ఆమె భయం నాకు తెలుసు. రేపు ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా ఆ డాక్టర్ల దగ్గరికే పోవాలి కదా అన్నది మన ఊళ్లల్లో పెద్దవాళ్ల ఆలోచన. ఆమెతో ఇలా చెప్పండి: కమిషన్‌కు పోవడం పగ పెట్టుకోవడం కాదు, జవాబు అడగడం. మీరు డాక్టర్‌ను జైలుకు పంపించమనడం లేదు. జాగ్రత్తగా పనిచేసే దంత వైద్యులు వరంగల్‌లో ఎందరో ఉన్నారు, మీరు రిపోర్టు కోసం పోయేది కూడా అలాంటి ఒకరి దగ్గరికే. ఒకవేళ ఆ సర్జన్ ఎక్స్‌రేలన్నీ చూసి, పన్ను తీసిన తీరు సరిగ్గానే ఉంది, నరం కోలుకుంటోంది అంటే, ఆ మాటను కూడా అంతే గౌరవంగా వినండి. అప్పుడు కేసు వేయాలా, చికిత్స ఖర్చు వరకు అడిగి ఊరుకోవాలా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకోవచ్చు.

సర్జన్ రిపోర్టు వచ్చాక దాని నకలు, క్లినిక్ నుంచి వచ్చిన జవాబు నకలు నాకు పంపండి. నోటీసులో ఏమేం రాయించాలో వాటిని చూసి చెబుతాను.